తెలియని నవ్వు, తెలిసిన బిడియం: చాప్లిన్ ‘ది సర్కస్’ చిత్రంలో హాస్యగాని స్థితి

చార్లీ చాప్లిన్ 1928లో విడుదల చేసిన ‘ది సర్కస్’ మూకచిత్రం గురించి ఎవరు రాసినా ఒక మాట తరచుగా వస్తుంది. ఆకలితో తిరిగే ఒక దేశదిమ్మరి పొరపాటున సర్కస్‌లోకి వచ్చి పడతాడు; తెలియకుండా చేసినంతకాలం జనాన్ని నవ్విస్తాడు; తాను నవ్విస్తున్నానని తెలిసిన తరువాత నవ్వించలేకపోతాడు. కళ సహజంగా ఉన్నప్పుడే కళ, స్పృహ కలిగితే అది కృతకమవుతుంది అనే సిద్ధాంతానికి ఈ చిత్రాన్ని ఉదాహరణగా చూపడం పరిపాటి అయింది. వినసొంపుగా ఉన్న ఈ వ్యాఖ్యానంలో ఒక చిక్కు ఉంది. చిత్రంలో ఈ సిద్ధాంతాన్ని నమ్మి, దాని ప్రకారం నడుచుకొనేవాడు ఒక్కడే. అతడు సర్కస్ యజమాని. దేశదిమ్మరి వల్లనే డేరా నిండుతున్నదని గ్రహించి, ఆ సంగతి అతని చెవిన పడకుండా జాగ్రత్తపడి, సామాన్లు మోసే కూలీ జీతానికి ప్రధాన హాస్యగాని పని చేయించుకొన్నవాడు అతడు. విమర్శకుడు సౌందర్యసూత్రంగా చెబుతున్న మాట యజమాని జీతాల పుస్తకంలో మిగులుగా కనిపిస్తుంది.

చిత్రం నిజంగా యజమాని పక్షాననే మాట్లాడుతున్నదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న. బిడియస్తుడు, బయటివాడు, జరుగుబాటు తప్పిన ఒక సంచార సర్కస్‌లో ఎందుకు విలువైనవాడయ్యాడు, ఎందుకు మళ్ళీ బయటివాడుగానే మిగిలిపోయాడు అన్నది తేలితే తప్ప ఆ ప్రశ్నకు సమాధానం దొరకదు.

ఆకలి నుంచి రింగులోకి

చిత్రం ఆకలితో మొదలవుతుంది. యజమాని సవతి కూతురు గుర్రం మీద నిలబడి కాగితపు వలయంలోంచి దూకాలి, గురి తప్పుతుంది. ఆ రాత్రి ఆమెకు భోజనం లేదని తండ్రి శిక్ష విధిస్తాడు. ఆ వెంటనే హాస్యగాళ్ళ మీద విరుచుకుపడతాడు: జనం రాకపోవడానికి మీరే కారణమన్నది అతని ఆరోపణ. ఈ రెండు తిట్లలో ఆ సర్కస్ ఆర్థిక స్థితి అంతా తెలిసిపోతుంది. నడవని వ్యాపారంలో నష్టమంతా ఆడేవారి ఒంటి మీదనే వసూలవుతుంది.

దేశదిమ్మరి అప్పటికి డేరా బయట, తినుబండారాల దుకాణాల దగ్గర ఉన్నాడు. తండ్రి భుజం మీద ఉన్న పసిబిడ్డ చేతిలోని రొట్టెను, బిడ్డను లాలిస్తున్నట్లే లాలిస్తూ, కొంచెం కొంచెంగా తినేస్తాడు. ఒక జేబుదొంగ తాను కొట్టేసిన పర్సును ఇతని జేబులో దాచడంతో పోలీసు వెంటపడతాడు. ఆ పరుగులోనే అద్దాల గది వస్తుంది. ఆ తరువాత, విమర్శకులు నవ్వి వదిలేసే ఒక ఘట్టం వస్తుంది. ఒక వినోదశాల ముంగిట యంత్రబొమ్మలు కదులుతుంటాయి. పోలీసు కళ్ళు కప్పడానికి దేశదిమ్మరి వాటి నడుమ నిలబడి తానూ యంత్రబొమ్మ అవుతాడు. మరచుట్టినట్లు తిరుగుతాడు, ఆగుతాడు, మళ్ళీ తిరుగుతాడు. పక్కనే బొమ్మలా నిలబడక తప్పని దొంగ నెత్తిన లయ తప్పకుండా కొడుతూ, యంత్రం నవ్వినట్లు నవ్వుతాడు.

ఇది తెలియక చేసిన పని కాదు. ఒంట్లోని ప్రతి కీలు మీద అదుపుతో, ఎదుట ఒక ప్రేక్షకుడు ఉన్నాడన్న పూర్తి ఎరుకతో చేసిన అభినయం. ఆ ప్రేక్షకుడు పోలీసు కావడం వల్ల పొరపాటుకు తావు కూడా లేదు. సర్కస్‌లో అడుగు పెట్టకముందే ఇతడు తెలిసి నటించగలడని, తెలిసి నవ్వించగలడని చాప్లిన్ స్థాపించాడు. ఈ ఘట్టాన్ని లెక్కలోకి తీసుకొంటే పైన చెప్పిన సిద్ధాంతానికి మొదట్లోనే బీట పడుతుంది.

ఆ పరుగు అతణ్ణి రింగులోకి తెస్తుంది. అప్పటిదాకా నిద్రమత్తులో ఉన్న జనం మేలుకొంటారు. పోలీసు, గాడిద, ఇంద్రజాలికుని బల్ల అన్నీ కలిసి ఒక ప్రదర్శన అయిపోతాయి. అతనికి మాత్రం అది ప్రదర్శన కాదు, పారిపోవడం. మరునాడు యజమాని పరీక్ష పెడతాడు. నెత్తిన పండు పెట్టుకొని బాణానికి నిలబడే ఆట, మంగలి దుకాణం ఆట: తరతరాలుగా సర్కస్ హాస్యగాళ్ళు ఆడుతూ వచ్చిన పాత ఆటలు. మొదటిదానిలో ఆపిల్ కొరికి, పురుగు కనిపించి, దాని బదులు అరటిపండు నెత్తిన పెట్టుకొంటాడు. రెండవదానిలో ముఖమంతా సబ్బు నురుగే. హాస్యానికి భరతుడు చెప్పిన వర్ణం తెలుపు. ఇక్కడ నిలువెల్లా తెలుపైన మనిషిని చూసి యజమానికి చిరునవ్వయినా రాదు. మనకు వస్తుంది. ఈ తేడా గురించి మళ్ళీ చెప్పుకోవాలి.

ఆ పరీక్షకు ముందు ఉదయం పూట వంటపొయ్యి దగ్గర మరొక చిన్న సన్నివేశం ఉంది. ఇతని రొట్టెను ఆకలితో ఉన్న అమ్మాయి దొంగిలిస్తుంది. మొదట కసురుతాడు, తరువాత ఉన్నదాంట్లో పెడతాడు. పసిబిడ్డ రొట్టె తిన్నవాడు తన రొట్టె పోయినప్పుడు కోప్పడడం, ఆ కోపాన్ని నిలుపుకోలేకపోవడం! బిడియాన్ని ఇంతకంటె సూక్ష్మంగా చూపిన దృశ్యం చిత్రంలో మరొకటి లేదని నా అభిప్రాయం. అతని బిడియం పిరికితనం కాదు. ఎదుటివారి అవసరం కనబడగానే తన హక్కు గుర్తుండకపోవడం. యజమాని పెట్టుబడి పెట్టింది సరిగ్గా ఈ గుణం మీదనే.

శృంగారం హాస్యాన్ని చంపడం

నాట్యశాస్త్రం హాస్యానికి విభావాలుగా వికృతమైన వేషాలంకారాలు, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం, వ్యంగదర్శనం వంటివి చెప్పింది. తాను నవ్వితే ఆత్మస్థమనీ, ఇతరులను నవ్విస్తే పరస్థమనీ హాస్యాన్ని రెండుగా విభజించింది. చాప్లిన్ దేశదిమ్మరి వేషానికి మొదటి జాబితా దాదాపు పూర్తిగా వర్తిస్తుంది: బిగుతైన కోటు, వదులు పంట్లాం, పెద్ద బూట్లు, చిన్న టోపీ. విభజన విషయంలో మాత్రం అతడు విచిత్రమైన స్థితిలో ఉన్నాడు. సర్కస్‌లో అతని హాస్యం పూర్తిగా పరస్థం. రింగులో అతడు ఒక్కసారి కూడా జనంతో కలిసి నవ్వడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియదు గనుక.

మన తోలుబొమ్మలాటలోని కేతిగాణ్ణి పక్కన పెట్టి చూస్తే ఈ విచిత్రం స్పష్టమవుతుంది. కేతిగాడు, బంగారక్క కథ మధ్యలో తెర మీదికి ఊడిపడతారు; ఊరి సంగతులు ఎత్తుకొంటారు; ఎదుట ఎవరు కూర్చున్నారో, ఏ మాటకు నవ్వుతారో వారికి బాగా తెలుసు. సంస్కృత నాటకంలోని విదూషకుడు రాజుకు మిత్రుడు, లోపలివాడు. వీరిద్దరి హాస్యానికి ఎరుకే బలం. సభ తమదన్న ధీమా ఉంది. దేశదిమ్మరికి సభ లేదు. అతడు వాళ్ళ మధ్యకు వచ్చింది దొంగ అనే అనుమానంతో, పోలీసును వెంటబెట్టుకొని. కనుక అతని అజ్ఞానాన్ని కళాసహజత్వమని పిలవడం కంటె, పరాయితనమని పిలవడమే ఉచితం. తనను చూసి నవ్వుతున్నారో, తనకోసం నవ్వుతున్నారో తేల్చుకోగల చనువు అతనికి లేదు.

శృంగారం నుంచి హాస్యం పుడుతుందని భరతుని మాట. రసాభాసమంతా హాస్యానికి దారితీయగలదని అభినవగుప్తుడు దానిని విస్తరించాడు. అర్హత లేనివాని ప్రేమ చూసేవారికి నవ్వు తెప్పిస్తుందన్నది ఈ సూత్రం నుంచి తేలికగా తీయగల ఉదాహరణ. సర్కస్ హాస్యగాడు గుర్రపుస్వారీ అమ్మాయిని ప్రేమించడం దీనికి సిద్ధాన్నం వంటి సందర్భం. చాప్లిన్ దానిని తలకిందులు చేశాడు. ఈ చిత్రంలో శృంగారం అంకురించగానే హాస్యం క్షీణిస్తుంది.

క్రమం గమనించాలి. సింహపు బోనులో చిక్కుకొని బయటపడిన తరువాత, ఈ ప్రదర్శనకు ప్రాణం నీవేనని అమ్మాయి అతనికి చెబుతుంది. అతడు యజమాని దగ్గరకు వెళ్ళి రెండు కోరికలు కోరతాడు: అమ్మాయిని కొట్టకూడదు, తన పనికి తగిన జీతం ఇవ్వాలి. మొదటి కోరిక ఆమె కోసమని గమనించాలి. తన హక్కు తనకు గుర్తు రావడానికి కూడా ఎదుటివారి అవసరమే కావలసివచ్చింది. ఆ తరువాత పతనం వెంటనే రాదు. అతని విజయం వల్ల ఇద్దరి బ్రతుకూ కాస్త సుళువైందనే చిత్రం చెబుతుంది. నీకు దగ్గరలోనే ఉన్న నల్లని అందగాడితో పెళ్ళి అని సోదె చెప్పేవాళ్ళు అమ్మాయికి చెప్పగా చాటుగా విని, అది తానేనని మురిసిపోతాడు. ముసలి హాస్యగాని దగ్గర ఒక ఉంగరం కొంటాడు. మరికొంతసేపటికే ఆమె మనసు కొత్తగా వచ్చిన తీగనడక కళాకారుడు రెక్స్ మీద పడిందని, మళ్ళీ చాటు నుంచే, వింటాడు. జనం నవ్వడం మానేసింది ఆ తరువాత.

కాబట్టి తన విలువ తెలియడానికీ నవ్వు పోవడానికీ నడుమ ఒక విరామం ఉంది. విలువ తెలిసినందువల్ల నవ్వు పోలేదు. మనసు విరిగినందువల్ల పోయింది. ఈ రెండింటినీ ఒకటిగా కుదించడం వల్లనే ఈ వ్యాసారంభంలో చెప్పిన మాట పుట్టింది. అయితే ఇక్కడ చాప్లిన్ వైపు నుంచి ఒక లోపం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ విరామంలో దేశదిమ్మరి తెలిసి, తన పేరుతో, తగిన జీతానికి నవ్విస్తున్న ప్రదర్శనను చిత్రం విస్తరించి చూపదు. చూపి ఉంటే వాదం తిరుగులేనిది అయ్యేది. తెలిసిన హాస్యగాడు రింగులో ఎలా ఉంటాడన్న ప్రశ్న దగ్గరకు వచ్చి చిత్రం పక్కకు తప్పుకొంది.

కూలి లెక్క

సామాన్లు మోసే పనివాళ్ళు జీతాలు అందక పని మానేస్తారు. ఆ ఖాళీలో దేశదిమ్మరిని పెట్టుకొంటారు. ఇది కథలో చిన్న మలుపు, కాని చిత్రమంతా దీని మీద నిలబడి ఉంది. సమ్మె వంటిది జరిగినప్పుడు బయట ఆకలితో నిలబడినవాడు యజమానికి ఎలా ఉపయోగపడతాడో ఒక్క నిమిషంలో చూపిన దృశ్యమిది. పళ్ళేల దొంతర మోసుకొని రింగులోకి వచ్చిన ఇతణ్ణి గాడిద తరుముతుంది. ఇంద్రజాలికుని బల్ల మీద నొక్కకూడని మీట నొక్కి, దాచిపెట్టిన పక్షులను, జంతువులను అన్నింటినీ ఒకేసారి బయటికి వదులుతాడు. జనం విరగబడి నవ్వుతారు.

ఇంద్రజాలికుని ఆట పాడవడంలో ఒక సొగసు ఉంది. రహస్యం దాచడం మీద నడిచే విద్యను, ఏ రహస్యమూ తెలియనివాడు బట్టబయలు చేశాడు. అదే సమయంలో అతని చుట్టూ మరొక రహస్యం అల్లుతున్నారు: అతడు కూలీ కాదు, ప్రధాన ఆటగాడు. బల్ల కింది పావురం ఎవరికీ అక్కరలేదు. ఈ రెండవ రహస్యం మీద మాత్రం సర్కస్ అంతా నడుస్తోంది. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అని మన సామెత. ఈ డేరాలో చేటు నవ్వేవారికి కాదు, నవ్వించేవానికి.

తీగ మీద

ఇంతవరకు చిత్రకథ యజమాని సిద్ధాంతానికి ఎదురుగా నడిచిందని చెప్పవచ్చు. కాని తీగ మీది ఘట్టం వచ్చేసరికి ఆ తీర్మానం అంత తేలిక కాదనిపిస్తుంది.

రెక్స్ రాకపోవడంతో అతని బదులు దేశదిమ్మరి ఎత్తైన తీగ ఎక్కవలసివస్తుంది. నడుముకు కనిపించని తాడు కట్టించుకొంటాడు. తాడు ఉందన్న ధైర్యంతో తీగ మీద వయ్యారాలు పోతాడు, అసాధ్యమైన భంగిమలు పెడతాడు. ఇంతలో నడుము పట్టీ ఊడిపోతుంది. అతనికి తెలియదు. తెలియనంతసేపూ అద్భుతంగా నడుస్తూనే ఉంటాడు. పట్టీ తన కళ్ళ ముందే గాలిలో ఊగడం చూసిన మరుక్షణం కాళ్ళు వణుకుతాయి. అంతటితో పోలేదు; తప్పించుకొన్న కోతులు మీదికి ఎక్కి, ముక్కు కొరికి, పంట్లాం జార్చివేస్తాయి.

తెలియనంతకాలం నైపుణ్యం, తెలిసిన వెంటనే పతనం. యజమాని సిద్ధాంతాన్ని ఇంతకంటె కచ్చితంగా నిరూపించడం సాధ్యం కాదు. కథ ఒకటి చెబుతుంటే కసరత్తు మరొకటి చెబుతున్నది. ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చడం విమర్శకు మర్యాద కాదు. చాప్లిన్ హాస్యశిల్పంలో ప్రమాదం తెలియని మనిషి ఒక మూలధాతువు. కళ్ళకు గంతలు కట్టుకొని అంచు దాకా పోయే మనిషి అతని ఇతర చిత్రాలలో కూడా కనిపిస్తాడు. ఆ మూలధాతువుకు చరిత్ర, జీతం, యజమాని లేవు. ‘ది సర్కస్’ కథ మాత్రం ఆ అజ్ఞానానికి ధర కట్టేవాడు ఒకడున్నాడని చెబుతుంది. హాస్యకారునిగా చాప్లిన్‌కు అవసరమైనదానిని కథకునిగా చాప్లిన్ నేరంగా చూపవలసివచ్చింది. చిత్రంలోని అసలైన ఉద్రిక్తత త్రికోణప్రేమలో లేదు, ఇక్కడ ఉంది.

రసదృష్టితో చూసినా ఈ ఘట్టం ప్రత్యేకమైనది. శృంగారం నుంచి పుట్టనిరాకుండా పోయిన హాస్యం ఇక్కడ భయానకం నుంచి పుట్టింది. భయానకానికి ఆశ్రయం తీగ మీదివాడు, హాస్యానికి ఆశ్రయం వెండితెర ముందున్న మనం. పరీక్ష ఘట్టంలో యజమాని నవ్వనిచోట మనం నవ్విన సంగతి గుర్తు చేసుకోవాలి. డేరాలోని ప్రేక్షకులు, వెండితెర ప్రేక్షకులు ఒకటి కారు. విఫలమైన హాస్యగాడు కూడా మనకు హాస్యమే. ఆ మేరకు మనం డేరా జనం కంటె నిర్దయులం. యజమాని కూడా ఆశించని లాభం మనకు దక్కింది.

ఎరుక గలవాని అజ్ఞానం

ఇంత అజ్ఞానాన్ని నటించడానికి ఎంత జ్ఞానం కావలసివచ్చిందో నిర్మాణ చరిత్ర చెబుతుంది. చాప్లిన్ తీగనడక నిజంగా అభ్యసించాడు. సింహపు బోను దృశ్యానికి రెండు వందల వరకు టేకులు తీశాడని ప్రసిద్ధి. చిత్రీకరణ మొదలు కాకముందే గాలివాన సర్కస్ డేరాను పాడుచేసింది. తొలి రోజుల ఫిలిం మీద గీతలు పడి వృథా అయింది. 1926 సెప్టెంబరులో స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగింది. 1927లో భార్య లీటా గ్రే విడాకుల దావా వల్ల నెలల తరబడి పని ఆగిపోయింది. 1929 మేలో జరిగిన తొలి అకాడమీ పురస్కార సభలో ఈ చిత్రానికి గాను నటన, రచన, దర్శకత్వం, నిర్మాణం అన్నీ కలిపి ఆయనకు ప్రత్యేక గౌరవం లభించింది. అయినా 1964లో వెలువడిన ఆత్మకథలో ఈ చిత్రానికి దాదాపు చోటే దక్కలేదు. ఆ మౌనానికి కష్టకాలపు జ్ఞాపకమే కారణమని సాధారణంగా చెబుతారు. అది నిజమే కావచ్చు. అయితే ఆ పురస్కారపు జాబితాలోని నాలుగు మాటలలో చివరిదాన్ని పట్టించుకోవాలి: నిర్మాణం. 1918 నాటికే సొంత స్టూడియో, 1919లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థలో భాగస్వామ్యం. దేశదిమ్మరి వేషం వేసినవాడూ, ఆ వేషం మీద వచ్చే లాభం లెక్క తెలిసినవాడూ ఒక్కడే. యజమాని పాత్రకు ఇంత ఖచ్చితమైన వ్యాపారబుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందని వేరే వెదకనక్కరలేదు.

వెలిసిపోయే హాస్యగాని ముఖం కూడా ఆయన దగ్గరగా చూసినదే. పదకొండేళ్ళ వయసులో లండన్ హిప్పోడ్రోమ్‌లో ‘సిండరెల్లా’ ప్రదర్శనలో పిల్లి వేషం వేసినప్పుడు అక్కడి ప్రధాన హాస్యగాడు మార్సెలీన్. స్పెయిన్ నుంచి వచ్చినవాడు. మాట లేకుండా నవ్వించేవాడు. లండన్ తరువాత న్యూయార్కును ఊపినవాడు. కొన్నేళ్ళ తరువాత అమెరికాలో ఒక పెద్ద మూడు రింగుల సర్కస్‌లో, పరుగెత్తే అనేకమంది హాస్యగాళ్ళలో ఒకడిగా కలిసిపోయిన మార్సెలీన్‌ను చూసి తాను చలించిన వైనం చాప్లిన్ ఆత్మకథలో చెప్పుకొన్నాడు. వేషం మార్చుకొనే గదికి వెళ్ళి పలకరిస్తే ఆయన నిర్లిప్తంగా ఉండిపోయాడట. 1927 నవంబరులో, ‘ది సర్కస్’ విడుదలకు సుమారు రెండు నెలల ముందు, మార్సెలీన్ న్యూయార్కులో ఆత్మహత్య చేసుకొన్నాడు. ఈ చిత్రం గురించి మౌనం వహించిన ఆత్మకథ ఈ మనిషి గురించి మాట్లాడింది.

దాదాపు ఇదే కాలానికి చెందిన కాఫ్కా కథ ‘నిరాహార కళాకారుడు’ (1922) ఇక్కడ గుర్తుకు రావడం సహజం. ప్రజలు మరచిన కళతో ఒకడు పెద్ద సర్కస్‌లో చేరి, జంతువుల బోనులకు వెళ్ళే దారిలో పడి ఉంటాడు. తనకు నచ్చిన ఆహారం దొరకనందువల్లనే ఉపవాసం ఉన్నానని, అందులో మెచ్చుకోవలసినదేమీ లేదని చివరకు ఒప్పుకొంటాడు. తనకు తేలికైనదానిని జనం గొప్ప అనుకొన్నారన్న సిగ్గు అతనిది. దేశదిమ్మరిది దీనికి సరిగ్గా ఎదురు: తనకు కష్టమైనదానిని జనం తమాషా అనుకొన్నారు. కాఫ్కా కళాకారుని స్థానంలో చిరుతపులి వస్తుంది. చాప్లిన్ హాస్యగాని స్థానంలో ఎవరూ రానవసరం లేదు; సర్కస్ బండి ఎక్కి వెళ్ళిపోతుంది, అంతే.

ఎరుక గురించిన ఈ ప్రశ్నను మన దేశపు సర్కస్ చిత్రాల ముందు పెడితే రెండు భిన్నమైన సమాధానాలు దొరుకుతాయి. రాజ్ కపూర్ ‘మేరా నామ్ జోకర్’ (1970) చాప్లిన్ వారసత్వాన్ని బాహాటంగా స్వీకరించిన చిత్రం. అక్కడి జోకరుకు అన్నీ తెలుసు; తల్లి చనిపోయిందని తెలిసీ నవ్విస్తాడు. ఎరుక హాస్యాన్ని చంపదని ఆ చిత్రం గట్టిగానే చెప్పింది గాని, ఆ ఎరుకను త్యాగంగా అలంకరించి, జోకరు తన దుఃఖం తానే చూసుకొని మురిసేటట్లు చేసింది. చాప్లిన్ పొదుపు అందులో లేదు. అరవిందన్ మలయాళ చిత్రం ‘తంప్’ (1978) వేరే దారి పట్టింది. భారతపుళ ఒడ్డున ఒక ఊరికి సర్కస్ వస్తుంది, కొద్ది రోజులుండి పోతుంది. నిజమైన సర్కస్ కళాకారులే అందులో ఉన్నారు. కెమెరా విన్యాసాల కంటె చూసే పల్లె ముఖాల మీద ఎక్కువగా నిలుస్తుంది. కళాకారులు ఖాళీగా కూర్చొని మనవైపు చూస్తారు. వారి బ్రతుకు ఎటువంటిదో వారికి తెలుసునని ఆ చూపు చెబుతుంది. చాప్లిన్ విస్తరించి చూపని ముఖం, తెలిసిన ఆటగాని ముఖం, ఈ చిత్రంలో నింపాదిగా దొరుకుతుంది. అక్కడ నవ్వు మాత్రం తక్కువ.

ఖాళీ వలయం

‘ది సర్కస్’ ముగింపును త్యాగంగా చదవడం అలవాటయింది. అమ్మాయి మీద చెయ్యి చేసుకొన్న యజమానిని కొట్టి దేశదిమ్మరి ఉద్యోగం పోగొట్టుకొంటాడు. రాత్రి పొలంలో మంట వేసుకొని కూర్చొన్నవాని దగ్గరకు అమ్మాయి పారిపోయి వస్తుంది, తనను తీసుకుపొమ్మంటుంది. కోరుకొన్నది కాళ్ళ దగ్గరకు వచ్చిన క్షణంలో అతడు ఆలోచించి, రెక్స్‌ను పిలుచుకువచ్చి, తాను కొన్న ఉంగరం అతని చేతిలో పెడతాడు. పెళ్ళి అవుతుంది. చిత్రమంతా తిండికి వెదికిన మనిషి వధూవరుల మీద గుప్పెళ్ళతో బియ్యం చల్లుతాడు. తెలుగు ప్రేక్షకునికి ఇది అక్షింతల దృశ్యం. పెద్దమనిషి స్థానంలో నిలబడి ఆశీర్వదిస్తున్న ఈ దేశదిమ్మరి ఆ ఒక్క నిమిషం బయటివాడు కాదు.

తరువాతిదే కీలకం. పెళ్ళయినవారిని యజమాని తిరిగి పనిలోకి తీసుకొంటాడు; ఇతణ్ణి కూడా తీసుకొంటేనే వస్తామని వారు పట్టుబడతారు. యజమాని ఒప్పుకొంటాడు. చివరి బండిలో చోటు ఉంది. అతడు వస్తున్నట్లే నటిస్తాడు, వారిని ఎక్కించి తలుపు మూస్తాడు, కదలండని సైగ చేస్తాడు. ఎక్కడు. యంత్రబొమ్మగా నిలబడిన ఘట్టం తరువాత అతడు పూర్తి ఎరుకతో చేసిన అభినయం ఇది. మొదటిసారి తనను తాను కాపాడుకోవడానికి, రెండవసారి వారిని తన దుఃఖం నుంచి కాపాడడానికి. ఈ రెండింటి మధ్య, యజమాని కోసం చేయవలసివచ్చిన ప్రతి నటనా విఫలమైంది. అతనికి స్పృహ శత్రువు కాదని చెప్పడానికి చిత్రమిచ్చే సాక్ష్యం ఈ సైగలో ఉంది. దానికి చప్పట్లు లేవు, జీతం లేదు. చూసినవారికి అది నటన అని తెలియదు. అంతవరకు అతనికి తెలియకుండా ఇతరులు చూశారు. ఇప్పుడు ఇతరులకు తెలియకుండా అతడు ఆడాడు.

అందుచేత దీనిని త్యాగమనడం కంటె నిరాకరణ అనడం మేలు. ఆ బండి ఎక్కితే దొరికేది మళ్ళీ అదే రింగు, అదే యజమాని, తలెత్తితే అదే తీగ. 1960ల చివర, ఎనిమిది పదుల వయసుకు చేరువలో చాప్లిన్ ఈ చిత్రానికి కొత్త సంగీతం కూర్చి, ఉయ్యాల ఊగే అమ్మాయిని పైకి చూడమని చెప్పే పాటను తానే పాడి ఆరంభంలో చేర్చాడు. పైకి చూసినవాడు ఎలా నవ్వు పోగొట్టుకొన్నాడో నలభై ఏళ్ళ కిందటే తీసి పెట్టుకొన్నవాడు ఆ పాట పాడడం వింతగానే ఉంటుంది. వణికే ఆ ముసలి గొంతు చిత్రానికి అవసరమా అన్నది నాకు ఇప్పటికీ తేలని విషయం.

బండ్లు ధూళి రేపుకొంటూ వెళ్ళిపోతాయి. ధూళి అణగిన తరువాత నేల మీద రింగు ఉన్నచోట గుండ్రని గుర్తు మిగిలి ఉంటుంది. దేశదిమ్మరి ఆ వలయం నడుమ ఒక పెట్టె మీద కూర్చొంటాడు. కాళ్ళ దగ్గర నక్షత్రం గుర్తు ఉన్న కాగితపు ముక్క కనిపిస్తుంది. మొదటి దృశ్యంలో అమ్మాయి గురి తప్పి తిండి పోగొట్టుకొన్న వలయానిది ఆ కాగితం. దాన్ని కాసేపు చూస్తాడు, నలిపి ఉండ చేస్తాడు, మడమతో వెనక్కి తన్నుతాడు. పాత వేషాలలో ప్రేక్షకులను నవ్వించడానికి ఎన్నోసార్లు తన్నిన తన్నే అది. బండ్లు పోయిన దిక్కు వదిలి, కర్ర తిప్పుకొంటూ, నడక క్రమంగా హుషారెక్కుతుండగా మరోవైపు వెళ్ళిపోతాడు.